స్క్రీన్ మీద తోడు ఉంటే ఒళ్ళు వంగుతుందా? మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి, ఫోన్‌లోనో టీవీలోనో మనతో పాటు ఎక్సర్‌సైజ్ చేసే వర్చువల్ పార్ట్‌నర్ సంగతి. అందుకని మోకాళ్ళ నొప్పులవాళ్ళు, ప్రోటీన్ పౌడర్లవాళ్ళు ఏమీ అనుకోకండి, మీవి వచ్చే నెలకి జరిపాం.

ప్రశ్న: నమస్తే అండీ. నేను ఇంట్లోనే ఉండి పనిచేసుకుంటా. వీడియో పెట్టుకుని ఎక్సర్‌సైజ్ మొదలుపెడతా, పది నిమిషాలు అయ్యేసరికి మనసు ఎటో పోతుంది, పాజ్ నొక్కి కూర్చుంటా, ఇంక లేవను. ఇప్పుడు ఒక యాప్‌వాళ్ళు మీకో వర్చువల్ పార్ట్‌నర్‌ని ఇస్తాం, మీతో పాటే చేస్తుంది అంటున్నారు. స్క్రీన్ మీద ఎవరో చేస్తే నేనెందుకు చేస్తాను? డబ్బులు గుంజే పనేనా, నిజంగా ఏమన్నా ఉందా ఇందులో?
(పేరు వద్దన్న పాఠకురాలు)

జవాబు: ఉందమ్మా, కాకపోతే యాప్‌వాళ్ళు చెప్పే కారణం వేరు, అసలు కారణం వేరు. సంగతి యాప్‌ల కంటే చాలా పాతది. 1920ల్లో ఒట్టో కోలర్ అని జర్మనీలో ఒక సైకాలజిస్ట్, బెర్లిన్‌లో పడవ పందేల క్లబ్ కుర్రాళ్ళని పట్టుకుని బరువున్న రాడ్‌ని చేతుల్తో ఎత్తుతూ దించుతూ ఉండండి, ఇంక నావల్ల కాదు అనేదాకా ఆపొద్దు అన్నాడు. ఒక్కడే చేస్తే 41 కిలోలు, ఇద్దరు కలిసి చేస్తే 82. మెలిక ఏంటంటే ఇద్దరు చేసేటప్పుడు ఒకడు చేతులెత్తేస్తే రెండోవాడు ఒక్కడే ఆ బరువు మోయలేడు, ఆట అక్కడితో సరి. అంటే జట్టు ఎంతసేపు నిలబడుతుందనేది బలం తక్కువున్నవాడి చేతిలో పడింది. ఆ తక్కువవాడు ఒంటరిగా చేసినప్పటి కంటే జట్టులో ఎక్కువసేపు లాగాడు! తనవల్ల అవతలివాడు ఆగిపోకూడదని కొంత, వాడు చేస్తుంటే నేనెందుకు చెయ్యలేను అని కొంత.

దీనికి ఉల్టా కూడా ఉంది, చెప్పకపోతే తప్పవుతుంది. ఫ్రాన్స్‌లో రింగెల్‌మాన్ అనే వ్యవసాయ ఇంజనీర్ మనుషుల్తో తాడు లాగించి చూశాడు, ఆ లెక్కలు 1913లో అచ్చయ్యాయి. మనుషులు పెరిగేకొద్దీ తలా లాగేది తగ్గుతూ వచ్చింది. అందరూ ఒకేసారి లాగడం కుదరక కొంత తగ్గింది, నేను కాస్త వదిలినా ఎవరికి తెలుస్తుందిలే అనుకోవడం వల్ల ఇంకొంత. కాబట్టి పక్కన జనం ఉంటే చాలు హుషారు వస్తుందనేది ఉత్తమాట, మీరు ఆగితే తెలియాలి, మీరు ఆగితే ఎవరికో ఏదో పోవాలి, అప్పుడే ఒళ్ళు వంగుతుంది.

ఇక స్క్రీన్ మీద మనిషి సంగతి. అమెరికాలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో డెబోరా ఫెల్ట్జ్, నార్బర్ట్ కెర్ వాళ్ళ బృందం ఈ కోలర్ లెక్కని వీడియో గేమ్‌లోకి తెచ్చింది. 2011లో అచ్చయిన ప్రయోగంలో ప్లాంక్ చేయించారు, అదే మోచేతుల మీద ఒళ్ళంతా బల్లలా బిగబట్టి ఉంచేది. తమకంటే కాస్త గట్టి పార్ట్‌నర్ స్క్రీన్ మీద కనిపించినవాళ్ళు ఒంటరిగా చేసినవాళ్ళ కంటే 24 శాతం ఎక్కువసేపు పట్టారు. మరుసటి ఏడాది ఆడవాళ్ళతో ఎక్సర్‌సైజ్ సైకిల్ తొక్కించారు, కొన్ని వారాల పాటు. ఒంటరిగా తొక్కినవాళ్ళు సగటున 11 నిమిషాల లోపే దిగిపోతే, పక్కన స్క్రీన్‌లో తోడున్నవాళ్ళు దాదాపు 20 నిమిషాలు, మీ ఇద్దరిలో ఎవరు ముందు దిగితే అదే టీమ్ స్కోరు అని చెప్పినవాళ్ళు దాదాపు 22 నిమిషాలు తొక్కారు. ఇంతా చేస్తే ఆ తోడు ముందే రికార్డు చేసి పెట్టిన వీడియో, అది తొక్కేవాళ్ళకి తెలీదు అంతే.

మీ యాప్‌ని ఈ లెక్కన చూడండి. మీ సమయం, పార్ట్‌నర్ సమయం రెండూ స్క్రీన్ మీద పక్కపక్కన కనిపిస్తున్నాయా? మీరు పాజ్ నొక్కితే ఇద్దరి స్కోరూ ఆగిపోతుందా? ఈ రెండూ ఉంటే ఫ్రీ ట్రయల్ అయ్యేదాకా వాడి చూడండి. పార్ట్‌నర్ తన మానాన తను గెంతుతూ ఉండి, మీరు సోఫాలో కూర్చున్నా నవ్వుతూనే ఉంటే మాత్రం అది మీరిప్పుడు చూస్తున్న వీడియోనే, పేరు మార్చి అమ్ముతున్నారు.

ప్రశ్న: నా వాచ్‌లో ఏఐ కోచ్ ఉంది, పేరు పెట్టి పిలుస్తుంది, సూపర్ అంటుంది, నువ్వు చెయ్యగలవు అంటుంది. మొదట్లో బాగుండేది, ఇప్పుడు ఆ మాట వినగానే చిరాకేస్తోంది. నాలో ఏమన్నా తేడానా, లేక మెషీన్‌తో పని జరగదా?
(సాఫ్ట్‌వేర్ ఉద్యోగి)

జవాబు: తేడా మీలో లేదు బాబూ. పైన చెప్పిన బృందమే 2013లో సరిగ్గా ఇదే చూసింది, ప్లాంక్ చేసేటప్పుడు గట్టి పార్ట్‌నర్ మాట్లాడకుండా తన పని తను చేసుకుంటే ఒక రకం, మధ్యమధ్యలో నువ్వు చెయ్యగలవు, పట్టు విడవకు అంటుంటే ఇంకో రకం. నోరు మూసుకున్న పార్ట్‌నర్ దగ్గరే జనం ఎక్కువసేపు నిలబడ్డారు. మనకంటే బాగా చేసేవాడు మనల్ని మెచ్చుకుంటుంటే అది మెప్పులా వినపడదు, పాపం వీడు అన్నట్టు వినపడుతుంది, నా ఉద్దేశం అదే. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి వాయిస్ ఆపేసి, నంబర్లు మాత్రం కనపడేట్టు పెట్టుకోండి.

మెషీన్‌తో పని జరగదా అంటే, జరుగుతుంది గానీ మనిషితో జరిగినంత జరగదు. 2014లో అదే ల్యాబ్‌లో నిజమైన మనిషి, మనిషిలా ఉండే సాఫ్ట్‌వేర్ బొమ్మ, మనిషి పోలికలు పెద్దగా లేని బొమ్మ, ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూశారు. బొమ్మ తోడున్నా ఒంటరి కంటే నయమే, మనిషి తోడున్నవాళ్ళు మాత్రం అందరికంటే ఎక్కువసేపు పట్టారు. ఈ పరిశోధనకి అంతరిక్ష వైద్యం కోసం పెట్టిన సంస్థ కూడా డబ్బు పెట్టింది, ఎందుకంటే స్పేస్ స్టేషన్‌లో ఉండే వ్యోమగాములు ఎముకలు, కండరాలు కరిగిపోకుండా రోజుకి 2 గంటల దాకా ఎక్సర్‌సైజ్‌కి పెట్టాలి, నెలల తరబడి అదే ట్రెడ్‌మిల్, అవే కొద్దిమంది మొహాలు. వాళ్ళకి సాఫ్ట్‌వేర్ తోడు తప్ప దారి లేదు. మీకు ఉందిగా, ఆఫీసులో ఎవరో ఒకళ్ళని అడగండి.

ప్రశ్న: నా వయసు 52. బీపీకి మందులు వాడుతున్నా. పిల్లలు ఇంట్లో సైకిల్ బిగించి జ్విఫ్ట్ (ఇంట్లో తొక్కుతుంటే స్క్రీన్ మీద మిగతావాళ్ళతో కలిసి రోడ్డు మీద వెళ్తున్నట్టు చూపించే యాప్) పెట్టిచ్చారు. ఎక్కిన ప్రతిసారీ అందరూ నన్ను దాటుకుపోతుంటే సిగ్గేసి దిగిపోతున్నా. ఒకరోజు పంతానికి పోయి తొక్కితే కళ్ళు తిరిగాయి. వయసు మీద పడ్డవాళ్ళకి ఈ పోటీలు వద్దా?
(రిటైర్మెంట్‌కి దగ్గర్లో ఉన్న పాఠకుడు)

జవాబు: సార్, ముందు కళ్ళు తిరిగిన సంగతి మీ డాక్టర్‌కి చెప్పండి, ఆయన సరే అనేదాకా సైకిల్ ఎక్కొద్దు, మిగతాది ఆ తర్వాత చదవండి. అడగాల్సింది ఇంకోటి ఉంది, మీ బీపీ మందు బీటా బ్లాకర్ రకమా అని. అదైతే గుండె వేగాన్ని అంతగా పెరగనివ్వదు, కాబట్టి వాచ్ చూపించే హార్ట్ రేట్ టార్గెట్ మీకు పనికిరాదు, ఇంకా అందుకోలేదు అని తొక్కుతూనే ఉంటారు, ఒళ్ళు మాత్రం ఎప్పుడో అలిసిపోయి ఉంటుంది. దానికి బదులు మాట పరీక్ష పెట్టుకోండి, తొక్కుతూ పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి, పాట పాడేంత ఊపిరి మాత్రం ఉండకూడదు. మాట కూడా ముక్కలు ముక్కలుగా వస్తుంటే తగ్గించండి.

ఇక సిగ్గు సంగతి. కోలర్ చూసినదాంట్లో రెండో సగం ఇది, జనం దీన్నే వదిలేస్తారు. ఇద్దరి బలం సమానంగా ఉన్నప్పుడు తక్కువవాడికి పెద్ద ఊపు రాలేదు, మరీ ఏనుగుకీ ఎలకకీ జత కట్టినట్టు ఉన్నప్పుడూ రాలేదు, తేడా మధ్యస్తంగా ఉన్నప్పుడే వచ్చింది. మిషిగన్‌వాళ్ళ సైకిల్ ప్రయోగంలో కూడా పార్ట్‌నర్ మీకంటే 40 శాతం దాకా మెరుగు అని చెప్పి కూర్చోబెట్టారు, మూడింతలు అని కాదు. మీరు ఎక్కగానే కలిసేది ఇరవై ఏళ్ళ పందెం కుర్రాళ్ళని, వాళ్ళని చూసి మీ మెదడు ఇది నా ఆట కాదు అని తేల్చేస్తుంది, అది తేల్చడంలో తప్పేం లేదు కూడా.

జ్విఫ్ట్‌లోనే రోబోపేసర్లు అని ఉంటాయి. అవి మనుషులు కాదు, ఒకే ఊపులో తిరుగుతూ ఉండే సాఫ్ట్‌వేర్ సైకిళ్ళు, ఒక్కోదాని పక్కన కిలో బరువుకి ఎన్ని వాట్లు (అంటే తొక్కే బలం) అనేది రాసి ఉంటుంది. ముందు ఒంటరిగా మాట పరీక్ష పాసయ్యే ఊపులో తొక్కి మీ స్క్రీన్ మీద ఎన్ని వాట్లు వస్తున్నాయో చూసి, దాన్ని మీ బరువుతో భాగించండి, ఆ నంబర్‌కి దగ్గరగా ఉన్న రోబో వెనక చేరండి. దాని చుట్టూ ఎప్పుడూ కొంతమంది మనుషులు కూడా ఉంటారు, ఒంటరిగా అనిపించదు, ఎవరూ మిమ్మల్ని దాటి ఎక్కడికో పోరు. మీరు వెనకబడితే అది ఆగదు, అప్పుడు ఇంకో మెట్టు కింద ఉన్నదానికి మారండి, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. అసలు అన్నిటికంటే నిన్నటి మిమ్మల్నే పార్ట్‌నర్‌గా పెట్టుకోవడం నాకు ఇష్టం, నడకకి గార్మిన్ లాంటి వాచ్‌ల్లో వర్చువల్ పార్ట్‌నర్ అని ఒక స్క్రీన్ ఉంటుంది, అందులో నిన్నటి మన వేగం పెట్టుకుంటే మనం దానికంటే ఎన్ని మీటర్లు ముందున్నామో వెనకున్నామో చూపిస్తుంది.

ప్రశ్న: అక్కా, నేనూ నా చిన్నప్పటి ఫ్రెండూ వేర్వేరు ఊళ్ళలో ఉంటున్నాం. వీడియో కాల్‌లో కలిసి ఎక్సర్‌సైజ్ చేద్దామంటే మొదటి పావుగంట కబుర్లకే పోతోంది. పైగా తను ఇప్పుడిప్పుడే మొదలుపెట్టింది, నేను కొన్నేళ్ళుగా చేస్తున్నా. తనకి లాభం, నాకేంటి అనిపిస్తోంది. స్వార్థం అనుకోకండి.
(కబుర్ల పిచ్చి ఉన్న చెల్లి)

జవాబు: స్వార్థం కాదు చెల్లీ, లెక్కే. కానీ లెక్క నువ్వనుకున్నట్టు లేదు. 2017లో సినాన్ ఆరల్, క్రిస్టోస్ నికొలైడిస్ అనే ఇద్దరు 11 లక్షల మంది రన్నర్ల వాచ్ డేటా తీసుకుని, ఫ్రెండ్ పరిగెడితే మనం ఎంత పరిగెడతామో చూశారు. ఊరికే లెక్కలు పోలిస్తే ఎవరు ఎవర్ని లాగుతున్నారో తేలదని, వాతావరణాన్ని వాడుకున్నారు, ఫ్రెండ్ ఊళ్ళో ఎండ కాసి తను పరిగెడితే వేరే ఊళ్ళో ఉన్న నువ్వు ఎంత కదిలావు అని. అందులో తేలిందేంటంటే తక్కువ పరిగెత్తేవాళ్ళే ఎక్కువ పరిగెత్తేవాళ్ళని కదిలిస్తున్నారు, అటు నుంచి ఇటు అంతగా లేదు. నీ వెనకాల అడుగుల చప్పుడు దగ్గరవుతుంటే నువ్వు నింపాదిగా ఉండగలవా, అదీ సంగతి. కాబట్టి ఇందులో ఎక్కువ లాభం నీకే రావచ్చు.

కబుర్లకి మందు చెప్తా. కాల్ కలవగానే ఇద్దరూ మ్యూట్. నిజంగా మ్యూట్, నవ్వడం కూడా సైగలతోనే. ఫోన్‌ని నీళ్ళ సీసాకి ఆనించి నిలబెట్టకండి, గెంతులు మొదలవగానే అది జారి సీలింగ్ ఫ్యాన్ చూపిస్తుంది, తీసి సర్దడానికి వంగితే మళ్ళీ కబుర్లు మొదలు. నేల మీద కాకుండా స్టూల్ మీద, గోడకి ఆనించి, మోకాళ్ళ నుంచి తల దాకా కనపడేట్టు అడ్డంగా పెట్టండి. లెక్కలు ఎవరి గదిలో వాళ్ళు బిగ్గరగా అనుకోండి గానీ ఒకళ్ళ లెక్కకి ఒకళ్ళు కలవాలని చూడొద్దు, కాల్‌లో మాట కాస్త ఆలస్యంగా వస్తుంది, ఒకళ్ళ పదమూడు ఇంకొకళ్ళ పన్నెండవుతుంది. ఒకే టైమర్ ఇద్దరూ ఒకేసారి నొక్కండి చాలు. అయిపోయాక మ్యూట్ తీసి ఒళ్ళు సాగదీస్తూ ఎంతసేపన్నా మాట్లాడుకోండి, ఆ కబుర్ల కోసమే రేపు కాల్ చేస్తారు.

ఒక్క జాగ్రత్త. నీ ఫ్రెండ్ కొత్తది కదా, స్క్వాట్ (గుంజీళ్ళలా కూర్చుని లేచేది) లాంటివి నేర్చుకునే దశలో నీ కళ్ళ ముందు చేయించకు. బాగా వచ్చిన పని పదిమంది చూస్తుంటే ఇంకా బాగా జరుగుతుంది, రాని పని ఇంకా చెడుతుంది, రాబర్ట్ జాయన్స్ అనే సైకాలజిస్ట్ 1965లో ఈ మాట రాశాడు, బొద్దింకల్ని కూడా పరిగెత్తించి తర్వాత చూపించాడు (నిజంగానే, బొద్దింకల్నే). మొదటి కొన్నాళ్ళు తను అద్దం ముందు ఒంటరిగా నేర్చుకుని, మోకాలు లోపలికి పడకుండా వస్తోంది అనుకున్నాక కెమెరా ముందుకి రమ్మను.

ప్రశ్న: రన్నింగ్ యాప్‌లో ఫ్రెండ్స్‌ని పెట్టుకోవాలని ఉంది కానీ నేను ఏ వీధిలో ఎన్నింటికి పరిగెడుతున్నానో ఎవరెవరో చూస్తారని భయం.
(పొద్దున్నే పరిగెత్తే పాఠకురాలు)

జవాబు: ఆ భయం ఉండాల్సిందే. స్ట్రావా అనే రన్నింగ్ యాప్, దాన్ని వాడే జనమంతా పరిగెత్తిన దారులతో పెట్టిన మ్యాప్‌లో 2018 జనవరిలో ఎడారుల మధ్య ఉన్న సైనిక స్థావరాలే వెలుగుతూ బయటపడ్డాయి, సైనికుల జాగింగ్ వల్ల. ప్రొఫైల్‌ని ఫాలోయర్లకి మాత్రమే అని పెట్టండి, మ్యాప్‌లో మొదలూ చివరా దాచే ఆప్షన్ ఆన్ చేసి ఇంటి చుట్టూ వీలైనంత దూరం దాచేయండి, పరిగెడుతున్నప్పుడు కాకుండా ఇంటికొచ్చాక అప్‌లోడ్ చేయండి. ముఖం తెలీనివాళ్ళ రిక్వెస్ట్ తీసుకోవద్దు, పది మంది తెలిసినవాళ్ళు చాలు మీ పనికి.

ప్రశ్న: గేములు, బ్యాడ్జీలు, వర్చువల్ దోస్తులు, అన్నీ చూశానండీ. నెల తిరిగేసరికి అన్నీ బోరే. మీరు కూడా ఈ ప్రచారంలో పడ్డారా?
(అన్నీ డిలీట్ చేసిన పాఠకుడు)

జవాబు: మీరన్నది లెక్కలతో సహా నిజం. 2016లో పోకెమాన్ గో అని వీధుల్లో తిరుగుతూ ఆడే ఫోన్ ఆట వచ్చినప్పుడు ప్రపంచమంతా వీధుల్లో పడింది, అమెరికాలో దాన్ని పెట్టుకున్నవాళ్ళ అడుగులు కొలిస్తే మొదటి వారం రోజుకి 955 అడుగులు పెరిగాయి, ఆరో వారానికి మళ్ళీ ఎక్కడున్నాయో అక్కడికి వచ్చేశాయి. కొత్త బొమ్మ మోజు అంతే ఉంటుంది.

కానీ అన్ని తోడులూ ఒకటి కాదు. 2019లో అచ్చయిన ఒక పెద్ద పరీక్షలో బరువు ఎక్కువున్న 602 మంది ఉద్యోగుల్ని తీసుకుని, కొందరికి ఆటేమీ పెట్టకుండా, కొందరికి ఇంట్లోవాళ్ళ ప్రోత్సాహం, కొందరికి కలిసి ఆడే జట్టు, కొందరికి ఒకళ్ళతో ఒకళ్ళకి పోటీ పెట్టారు. ఆట నడిచిన 6 నెలలూ మూడు రకాలూ పనిచేశాయి, ఆట ఆపేశాక తర్వాతి 3 నెలలు చూస్తే పోటీ గుంపులోనే ఆ తేడా మిగిలింది. ఇందులో నాకు కాస్త మింగుడుపడనిది ఉంది, ఎందుకంటే నాకు జట్టు ఆటే ఇష్టం, కానీ లెక్క లెక్కే.

ఇంకోటి, ఒక పని అలవాటుగా మారడానికి ఎన్ని రోజులు పడుతుందని లండన్‌లో చూస్తే మనిషిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా వచ్చింది, మధ్యస్థంగా 66. 21 రోజుల్లో అలవాటైపోతుందనే ఆ మాట మర్చిపోండి. మీకు బోర్ కొట్టేది నాలుగో వారంలో, అలవాటు కుదిరేది సగం మందికి తొమ్మిదో వారం దాటాకే. మధ్యలో ఉన్న ఆ ఖాళీలో పార్ట్‌నర్‌ని మార్చేయండి, యాప్ తీసేసి మనిషిని పెట్టుకోండి, మనిషి ఊరెళితే రోబోని పెట్టుకోండి, సైకిల్ బోర్ కొడితే నడక. టైమ్ మాత్రం మార్చొద్దు, పొద్దున ఆరున్నర అంటే ఆరున్నరే. వారానికి 150 నిమిషాలు ఓ మోస్తరు ఎక్సర్‌సైజ్, రెండు రోజులు కండరాలకి పని, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళని అడిగేది కనీసం అంతే, అది ఎవరితో చేశారని అడగదు.

ప్రశ్న: మేడం, మా ఆయనా నేనూ అడుగుల పోటీ పెట్టుకున్నాం. రోజూ ఆయనే గెలుస్తున్నారు. మొన్న చూద్దును కదా, సోఫాలో పడుకుని క్రికెట్ చూస్తూ చెయ్యి ఊపుతున్నారు, వాచ్‌లో అడుగులు పెరుగుతున్నాయి! నేను పోటీ మానేశా. ఇంట్లో గొడవ.
(ఓడిపోయిన ఇల్లాలు)

జవాబు: మీరు ఓడిపోలేదమ్మా, ఆయన చెయ్యి గెలిచింది. మణికట్టు మీద వాచ్‌కి చెయ్యి ఊపితే అడుగనిపించడం మామూలే, దాన్ని తిట్టి లాభం లేదు, రూల్ మార్చండి. ఇవాళ్టి నుంచి ఎవరికి ఎక్కువ అనేది లేదు, ఇద్దరిలో ఎవరికి తక్కువొస్తే అదే ఇంటి స్కోరు. ఆయనకి 14 వేలు, మీకు 4 వేలు అయితే ఇంటి స్కోరు 4 వేలే, అప్పుడు సోఫాలో ఎంత ఊపినా పైసా లాభం ఉండదు, మిమ్మల్ని లేపి నడకకి తీసుకెళ్తేనే స్కోరు పెరుగుతుంది. ఈసారి తక్కువవైపు ఆయనే ఉండి మళ్ళీ చెయ్యి ఊపితే అడుగులు వదిలేసి నిమిషాలు లెక్కపెట్టండి, కలిసి బయట నడిచిన నిమిషాలు మాత్రమే. గొడవ ఆ నిమిషాల్లో పెట్టుకోండి, వేగం కూడా పెరుగుతుంది.